తరగతి గదిలో ఉచిత ఆన్‌లైన్ టూల్స్: ఖర్చు ఎవరిది, ఫలితం ఎంత?

క్లుప్తంగా

ఉచిత బోధన టూల్స్ అన్నిటికీ ‘ఉచితం’ అన్న పేరు ఒకటే అయినా వాటి వెనకున్న లెక్కలు వేరు. ఒక టూల్ ఎంతకాలం నిలుస్తుంది, ఏ సదుపాయానికి ఎప్పుడు తాళం పడుతుంది, పిల్లల సమాచారం ఎక్కడికి పోతుంది అన్నవి దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటాయి. చదువు మీద ప్రభావం ఇంకో లెక్క. పిల్లల చేత ఆలోచింపజేసి జవాబు రాబట్టే టూల్స్ మేలు చేస్తాయి. చూపించి ఊరుకునేవి అంతగా చేయవు. ఈ రెండు లెక్కలనూ కలిపేయడం వల్లే చాలా గందరగోళం.

మూడు మూతలు, రెండు నిలకడలు

2024 డిసెంబరు 31తో గూగుల్ వారి ఆన్‌లైన్ వైట్‌బోర్డ్ జామ్‌బోర్డ్ పూర్తిగా ఆగిపోయింది. అదే ఏడాది జులై 1న, విద్యార్థులు చిన్న వీడియోలతో జవాబులు చెప్పే ఫ్లిప్ యాప్‌ను విడిగా నడపడం మానేసి మైక్రోసాఫ్ట్ దాన్ని టీమ్స్‌లో కలిపేసింది. ఇంకాస్త వెనక్కి వెళ్తే, 2022 సెప్టెంబరు 22న ఎడ్‌మోడో మూతపడింది. తరగతి గదికి సోషల్ నెట్‌వర్క్ లాంటిదని పేరు తెచ్చుకుని, కోట్లమంది అకౌంట్లు తెరిచిన వేదిక అది. మూడూ ఉచితమే. మూడింటి మీదా టీచర్లు ఏళ్ల తరబడి పాఠాలు కట్టుకున్నారు.

మరోవైపు 2002లో మొదలైన ఫెట్ సైన్స్ సిమ్యులేషన్లు (తెర మీద చేసే ప్రయోగాలు), అదే ఏడాది తొలి వెర్షన్ వచ్చిన, ఆన్‌లైన్ కోర్సులు నడపడానికి వాడే మూడుల్ ఇప్పటికీ నడుస్తున్నాయి. అవీ ఉచితమే. ఒకే మాటతో పిలిచే ఈ రెండు గుంపుల మధ్య ఇంత తేడా ఎందుకు? పుణ్యానికి ఆవునిస్తే పళ్లు లెక్కపెట్టకూడదని సామెత అంటుంది. ముప్పై నలభైమంది పిల్లల చదువును తీసుకెళ్లి ఒక వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు మాత్రం పళ్లు లెక్కపెట్టుకోవాల్సిందే.

ఇంత సరుకు ఎక్కడి నుంచి వచ్చింది

పాఠాలను ఉచితంగా ఇవ్వాలన్న ఆలోచనకు ఊపు తెచ్చింది కంపెనీలు కాదు, విశ్వవిద్యాలయాలు. 2001లో అమెరికాలోని ఎంఐటీ తన కోర్సుల సామగ్రిని ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో పెడతానని ప్రకటించింది. మరుసటి ఏడాది యునెస్కో సమావేశంలో ‘ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్’ అన్న పేరు పుట్టింది. ఆ ఏడాది డిసెంబరులోనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వచ్చాయి. తన హక్కు వదులుకోకుండానే ‘తీసుకోండి, మార్చుకోండి, పంచుకోండి’ అని రచయిత ముందుగానే అనుమతి ఇచ్చే పద్ధతి అది. ఆ దశలో ఉచితం అంటే డబ్బు అడగకపోవడం ఒక్కటే కాదు. ఫైలు వాడేవారి చేతికి వచ్చేది.

తర్వాతి దశలో చేతికి వచ్చింది ఫైలు కాదు, లాగిన్. 2006లో గూగుల్ తన ఆఫీసు యాప్‌లను విద్యాసంస్థలకు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2014లో గూగుల్ క్లాస్‌రూమ్ వచ్చింది. పాఠం, హోంవర్క్, మార్కులు అన్నీ కంపెనీ సర్వర్ల మీదకు చేరాయి. దీనివల్ల పని చాలా తేలికైంది, అది కాదనలేం. ఒక టీచరు పది నిమిషాల్లో ఆన్‌లైన్ తరగతి తెరవగలగడం అంతకుముందు సాధ్యమయ్యే పని కాదు. అయితే సర్వర్ ఎవరిదో నిర్ణయమూ వారిదే అయింది.

2020లో కొవిడ్ కారణంగా బడులు మూతపడ్డాయి. ప్రపంచవ్యాప్తంగా 150 కోట్లకు పైగా విద్యార్థుల చదువు మీద ఆ ప్రభావం పడిందని యునెస్కో లెక్కగట్టింది. కంపెనీలు తలుపులు బార్లా తెరిచాయి. జూమ్ చాలా దేశాల్లో బడులకు 40 నిమిషాల పరిమితి ఎత్తేసింది, డబ్బు కట్టాల్సిన యాప్‌లు ఎన్నో కొన్ని నెలలు ఉచితమయ్యాయి. ఆ కాలంలో పెట్టుబడులకూ లోటు లేదు. 2022 నుంచి కథ తిరగబడింది. బడులు తెరుచుకున్నాయి, వడ్డీ రేట్లు పెరిగాయి, ‘ముందు వాడుకదారులను పోగెయ్యండి, డబ్బు సంగతి తర్వాత చూద్దాం’ అన్న పెట్టుబడిదారులు లాభం ఎక్కడని అడగడం మొదలుపెట్టారు. ఉచిత సదుపాయాలు ఒక్కొక్కటిగా కుదించుకుపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఉచితం వెనక మూడు లెక్కలు

మొదటి లెక్క విరాళాలది. ఫెట్‌ను మొదలుపెట్టింది 2001లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్. కొలరాడో విశ్వవిద్యాలయం దాన్ని ప్రభుత్వ గ్రాంట్లు, ధార్మిక సంస్థల నిధులతో నడుపుతోంది. సల్మాన్ ఖాన్ అనే అమెరికన్ తన బంధువుల పిల్లలకు లెక్కలు చెబుతూ మొదలుపెట్టిన ఖాన్ అకాడమీ 2008లో లాభాపేక్ష లేని సంస్థగా నమోదైంది. 2010లో గూగుల్, గేట్స్ ఫౌండేషన్ల నిధులు అందాక అది పెద్దదైంది. ఎంఐటీలో పుట్టి 2007లో బయటికి వచ్చిన, పిల్లలకు కోడింగ్ నేర్పే స్క్రాచ్ కూడా ఈ కోవలోనిదే. ఇలాంటి టూల్స్‌కు పిల్లల్ని డబ్బు కట్టించే దారికి మళ్లించాల్సిన అవసరం ఉండదు. వీటికి ఉన్న చిక్కల్లా గ్రాంట్ అయిపోతే పని నెమ్మదించడం. వెబ్‌సైట్లలో కదిలే బొమ్మలను నడిపించే అడోబీ ఫ్లాష్ 2020 చివర్లో ఆగిపోయినప్పుడు ఈ సంగతి బాగా తెలిసింది. ఫెట్ బృందం జావా, ఫ్లాష్‌లలో రాసిన పాత సిమ్యులేషన్లను ఒక్కొక్కటిగా కొత్త సాంకేతికతలోకి తిరగరాసుకోవాల్సి వచ్చింది. అదంతా ఏళ్ల పని.

మూడుల్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను కూడా ఇక్కడే చెప్పుకోవాలి. దాని కోడ్ ఉచితం, ఎవరైనా దించుకుని నడుపుకోవచ్చు. కానీ నడపడానికి సర్వర్ కావాలి, అప్‌డేట్లు చూసుకునే మనిషి కావాలి, బ్యాకప్‌లు కావాలి. బావి తవ్వి ఇచ్చారు, నీళ్లు తోడుకునే బాధ్యత బడిది. తోడే మనిషి ఉన్న విశ్వవిద్యాలయాలకు అది వరం. ఇద్దరు టీచర్లతో నడిచే బడికి అదే పెద్ద భారం.

రెండో లెక్కలో కొంతమంది కట్టే డబ్బుతో మిగతావారికి ఉచితంగా నడుస్తుంది. క్విజ్ పోటీలు పెట్టే కహూట్, ఫ్లాష్‌కార్డుల క్విజ్‌లెట్, అందరూ చీటీలు అంటించే ఆన్‌లైన్ ‘గోడ’ ప్యాడ్‌లెట్ ఈ దారిలోవే. ఈ పద్ధతిలో గమనించాల్సింది తాళం ఎక్కడ పడుతుందన్నది. ఎవరూ వాడని సదుపాయానికి తాళం వేస్తే డబ్బు రాదు. బాగా అలవాటైన చోట వేస్తేనే వస్తుంది. 2018లో ప్యాడ్‌లెట్ ఉచిత అకౌంట్లకు మూడు గోడల పరిమితి పెట్టినప్పుడు టీచర్లకు కోపం రావడానికి కారణం అదే. అప్పటిదాకా వారు ఒక్కో పాఠానికి ఒక్కో గోడ కట్టుకుంటూ వచ్చారు. 2022లో క్విజ్‌లెట్ తన ‘లెర్న్’ విధానాన్ని ఉచితంగా వాడుకునేవారికి బాగా కుదించింది. ఫ్లాష్‌కార్డులు అలాగే ఉన్నాయి, వాటితో సాధన చేయించే భాగానికి తాళం పడింది. కంపెనీ వైపు నుంచి చూస్తే ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు, సర్వర్లకు, ఉద్యోగులకు డబ్బు ఎక్కడి నుంచో రావాలి. చిక్కేమిటంటే ఆ నిర్ణయం విద్యా సంవత్సరం క్యాలెండర్ చూసుకుని రాదు.

మూడో లెక్క పెద్ద కంపెనీలది. గూగుల్, మైక్రోసాఫ్ట్‌లకు బడుల దగ్గర వచ్చే నేరు ఆదాయం కంటే అలవాటు ముఖ్యం. పదేళ్లపాటు ఒక కంపెనీ డాక్యుమెంట్లలో రాసిన పిల్లవాడు ఉద్యోగంలో చేరాక కూడా వాటినే అడుగుతాడు. పెయిడ్ వెర్షన్లు, క్రోమ్‌బుక్‌ల వంటి పరికరాలు, లైసెన్సులు ఆ అలవాటు వెంటే అమ్ముడవుతాయి. డిజైన్ టూల్ కాన్వా బడులకు తన పెయిడ్ సదుపాయాలు చాలావరకు ఉచితంగా ఇవ్వడం వెనకా ఈ ఆలోచన కనిపిస్తుంది. ఈ టూల్స్ గట్టివి, వేగమైనవి, ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తాయి. కానీ వ్యూహం మారితే నిబంధన మారుతుంది. విద్యాసంస్థలకు అపరిమితమన్న స్టోరేజీని గూగుల్ 2022 నుంచి సంస్థ మొత్తానికి కలిపి 100 టీబీకి పరిమితం చేసింది. మైక్రోసాఫ్ట్ కూడా 2024 ఆగస్టు నుంచి 100 టీబీ లెక్కకే వచ్చింది. వేల గంటల పాఠాల రికార్డింగులు దాచుకున్న విశ్వవిద్యాలయాలకు ఏది ఉంచాలి, ఏది చెరపాలి అన్నదే కొత్త ఉద్యోగమైంది.

ఈ మూడింటిలో ఇమడనిది డెస్మోస్ గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్. విద్యార్థికి అది ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. తమ ఆన్‌లైన్ పరీక్షల్లో ఆ క్యాలిక్యులేటర్‌ను పెట్టుకునే పరీక్షల సంస్థలు లైసెన్సు రుసుము కడతాయి. అమెరికాలో కాలేజీ ప్రవేశాలకు రాసే డిజిటల్ శాట్‌లో ఉన్నది ఇదే. పిల్లలకు ఎంత అలవాటైతే పరీక్షల సంస్థకు అంత విలువ, కాబట్టి పిల్లలకు ఉచితంగా ఉంచడంలోనే డెస్మోస్ లాభం ఉంది. డబ్బు కట్టేవారి అవసరం, వాడేవారి అవసరం ఒకే దిక్కుకు నడిచే ఇలాంటి ఏర్పాట్లు చాలా తక్కువ.

యజమాని మారడం ఇంకో కోణం. ఆస్ట్రియాలో ఒక విద్యార్థి పరిశోధనగా 2001లో మొదలైన గణిత టూల్ జియోజీబ్రాను 2021 డిసెంబరులో బైజూస్ కొన్నది. ఆ కంపెనీ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. జియోజీబ్రా మాత్రం పనిచేస్తూనే ఉంది. ఇన్‌స్టాల్ చేసుకోగల వెర్షన్లు, లక్షల సంఖ్యలో టీచర్లు తయారుచేసి పంచుకున్న పాఠాలు ఉండటం దానికి పెద్ద బలం.

పిల్లలు నేర్చుకునేది ఏ క్షణంలో

ఖర్చు లెక్క ఎలా ఉన్నా, టూల్ వల్ల చదువు వస్తుందా అన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న. ఇక్కడ పరిశోధనలు చెప్పేది చాలావరకు టెక్నాలజీకి ముందునుంచీ తెలిసినదే.

2006లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులకు రెండు పాఠ్యాంశాలు ఇచ్చి, ఒకదాన్ని మళ్లీ చదివించారు. రెండోదాని విషయంలో పుస్తకం మూసి, గుర్తున్నదంతా కాగితం మీద రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినదానిదే పైచేయి: అందులో 81 శాతం గుర్తుంది, రాసినదాంట్లో 75. వారం తర్వాత అంతా తలకిందులైంది. మళ్లీ చదివినదాంట్లో 42 శాతమే మిగిలింది, గుర్తు తెచ్చుకుని రాసినదాంట్లో 56. బుర్రలోంచి బయటికి లాగే ప్రయత్నమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుందన్నమాట.

ఉచిత టూల్స్‌లో క్విజ్ యాప్‌లకు బలం ఉందంటే ఇందుకే, రంగురంగుల తెర వల్ల కాదు. అదే యాప్ సెట్టింగులు సరిగ్గా లేకపోతే ఈ బలాన్ని తానే తినేస్తుంది. కహూట్‌లో ఒక ప్రశ్నకు 20 సెకన్లు, 1000 పాయింట్లు అనుకుందాం. వెంటనే సరైన జవాబు నొక్కితే దాదాపు పూర్తి పాయింట్లు, చివరి క్షణంలో నొక్కితే సగం. అంటే రెండో సెకనులో నొక్కిన అమ్మాయికి 950, పద్దెనిమిదో సెకనులో నొక్కిన అమ్మాయికి 550. ఇద్దరికీ జవాబు తెలుసు. రెండో అమ్మాయి లెక్క వేసి, సరిచూసుకుని నొక్కింది. ఇలా రెండు మూడు ప్రశ్నలు అయ్యేసరికి సరిచూసుకోవడం నష్టమన్న పాఠం ఆ అమ్మాయికి వచ్చేస్తుంది. టెన్షన్ పడే పిల్లలు ఆలోచించడం మానేసి ఏదో ఒకటి నొక్కడం మొదలుపెడతారు. ప్రశ్నకు గడువు నాలుగు నిమిషాల దాకా పెంచుకోవచ్చు, పాయింట్లు తీసేయొచ్చు. ఆ రెండు మార్పులతో పందెం కాస్తా సాధన అవుతుంది. పేర్లు గుర్తుపట్టే ప్రశ్నలకు 20 సెకన్లు చాలు, రెండు మెట్లున్న లెక్కకు చాలవు.

సిమ్యులేషన్ల సంగతి ఇంకా ఆసక్తికరం. జియోజీబ్రాలో త్రిభుజం గీసి మూడు కోణాల కొలతలు తెర మీద పెట్టి, ఒక శీర్షాన్ని వేలితో పట్టి లాగితే మూడు అంకెలూ మారిపోతూ ఉంటాయి. మొత్తం మాత్రం 180 దగ్గరే నిలబడుతుంది. నల్లబల్ల మీద ఒక్క త్రిభుజంతో చెప్పే నియమం ఇక్కడ వందల త్రిభుజాల్లో కళ్లముందే నిజమవుతుంది. కొలతలను పూర్ణాంకాలకు కుదించి చూపేలా పెడితే ఇంకో విచిత్రం కనిపిస్తుంది: 60.4, 60.4, 59.2 డిగ్రీలున్న త్రిభుజం తెర మీద 60, 60, 59గా కనిపించి మొత్తం 179 అవుతుంది. ‘నియమం తప్పిందా, కొలత తప్పిందా?’ అని అడిగితే తరగతిలో మొదలయ్యే వాదన ఆ రోజు పాఠంలో అన్నిటికంటే విలువైన భాగం కావొచ్చు.

అదే త్రిభుజాన్ని టీచరు మాత్రమే ప్రొజెక్టర్ మీద లాగి చూపిస్తే పిల్లలకు అది మరో వీడియో. లాగేముందు ‘ఈ కోణం పెరిగితే మిగతా రెండూ ఏమవుతాయి? నోట్సులో రాయండి’ అంటే అది ప్రయోగం. టూల్ ఒకటే, మధ్యలో ఒక్క ప్రశ్న తేడా. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1990ల తొలినాళ్ల నుంచి వాడుతున్న పద్ధతీ ఇలాంటిదే. ప్రశ్న వేస్తారు, ఎవరికి వారే జవాబు ఎంచుకుంటారు, పక్కవారితో వాదించుకుంటారు, మళ్లీ ఎంచుకుంటారు. ఇప్పటి పోల్ యాప్‌లలో ఏదైనా ఈ పనికి వస్తుంది. మధ్యలో ఉన్న వాదనను వదిలేసి రెండుసార్లు ఓటు వేయిస్తే మాత్రం ప్రయోజనం ఉండదు.

తెలుగులో అడిగితే ఏమవుతుంది

టూల్స్‌లో ఎక్కువ భాగం ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. ఫెట్ సిమ్యులేషన్లు కొన్ని తెలుగులో దొరుకుతాయి, అదీ స్వచ్ఛందంగా అనువదించేవారి శ్రమ వల్ల. బహుళైచ్ఛిక ప్రశ్నలను తెలుగులో పెట్టడం ఇప్పుడు పెద్ద ఇబ్బంది కాదు. జవాబు టైప్ చేయమన్నప్పుడే అసలు కష్టం.

గూగుల్ ఫామ్స్ క్విజ్‌లో ‘మొక్కలు వదిలే వాయువు ఏది?’ అన్న ప్రశ్నకు ‘ఆక్సిజన్’ అని సరైన జవాబు పెట్టారనుకుందాం. ఒక పిల్లవాడు ‘ఆక్సీజన్’ అని రాస్తాడు, ఇంకొకడు ‘ప్రాణవాయువు’ అంటాడు, మరొక అమ్మాయి ‘ఆమ్లజని’ అని పాత పుస్తకంలో చూసిన మాట రాస్తుంది. ముగ్గురికీ విషయం తెలుసు, ముగ్గురికీ సున్నా పడుతుంది. యంత్రం అక్షరాలను పోలుస్తుంది, అర్థాన్ని కాదు. దీనికి తోడు కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు అక్షరం తర్వాత కంటికి కనిపించని గుర్తును చేరుస్తాయి. అప్పుడు కంటికి అచ్చం ఒకేలా ఉన్న రెండు ‘ఆక్సిజన్’లు కూడా కంప్యూటర్‌కు వేర్వేరు మాటలు కావొచ్చు. సరైన జవాబుగా ఒకటికి మించి రూపాలు ఇచ్చే వీలు ఫామ్స్‌లో ఉంది. వాడుకలో ఉన్న రూపాలన్నీ అక్కడ చేర్చి, టైప్ చేసిన జవాబులను మార్కులు బయటపెట్టే ముందు ఒకసారి కంటితో చూడటం తప్పనిసరి.

తెరలు చాలని చోట

ప్రతి పిల్లవాడి చేతిలో పరికరం ఉంటుందన్న ఊహ మీద కట్టిన టూల్స్, అది లేని చోట ఉన్నవారికీ లేనివారికీ మధ్య దూరాన్ని పెంచుతాయి. ఒక్క ఫోనుతో నడిచే ప్లికర్స్ ఈ సమస్యకు మంచి పరిష్కారం చూపింది. పిల్లల చేతిలో కాగితపు కార్డు ఉంటుంది. దాని మీద నల్లని గళ్ల బొమ్మ, నాలుగు వైపులా చిన్న అక్షరాలతో ఎ, బి, సి, డి. జవాబు ‘సి’ అనుకుంటే ఆ అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకోవాలి. టీచరు ఫోను కెమెరాను గది మీదుగా తిప్పితే ఎవరు ఏమన్నారో నమోదైపోతుంది. ఒక్కొక్కరి బొమ్మా వేరు కాబట్టి పక్కవారి కార్డు చూసి తిప్పడం కుదరదు. చెయ్యెత్తడానికి సిగ్గుపడే పిల్లవాడి జవాబు కూడా టీచరుకు చేరుతుంది.

ఇంటర్నెట్ నిలకడగా లేని చోట్ల కోసం కొలిబ్రి ఉంది. ఒక చిన్న కంప్యూటర్‌లో ఖాన్ అకాడమీ వంటి పాఠాలను ముందే దించుకుంటే, గదిలోని పరికరాలు నెట్ లేకుండానే దాన్నుంచి పాఠాలు అందుకుంటాయి. వికీపీడియాను మొత్తంగా దించుకోవడానికి కివిక్స్ ఉంది.

పిల్లల సమాచారం

డబ్బు తీసుకోని టూల్‌కు సమాచారమైనా అందుతుంది: పేరు, ఈమెయిల్, ఏ ప్రశ్న తప్పు చేశారు, ఎంతసేపు ఆగారు, ఏ ఫోను, ఏ ప్రాంతం. అందరూ దాన్ని దుర్వినియోగం చేస్తారని కాదు. కానీ అనుమానానికి ఆధారాలు ఉన్నాయి. కొవిడ్ కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు సిఫారసు చేసిన 160కి పైగా విద్యా యాప్‌లు, సైట్లను పరిశీలించిన హ్యూమన్ రైట్స్ వాచ్, వాటిలో 89 శాతం పిల్లల హక్కులకు ముప్పు తెచ్చే డేటా పద్ధతులు పాటిస్తున్నాయని 2022లో నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎడ్‌మోడోపై చర్యకు దిగింది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల సమాచారం సేకరించి ప్రకటనలకు వాడిందన్నది ఆరోపణ, జరిమానా 60 లక్షల డాలర్లు. ఆ ఉత్తర్వులో బడులు గమనించాల్సిన మాట ఒకటుంది: చట్టప్రకారం తాను చూసుకోవాల్సిన అనుమతుల బాధ్యతను కంపెనీ బడుల నెత్తిన పెట్టిందని కమిషన్ తప్పుపట్టింది. ‘నిబంధనలకు అంగీకరిస్తున్నాను’ అని టీచరు నొక్కే ఒక్క టిక్కు వెనక ఇంత కథ ఉంటుంది.

ఎవరిని పిల్లలుగా లెక్కించాలన్న దానిలోనూ చట్టాలు ఒక్కమాట మీద లేవు. అమెరికా చట్టం 13 ఏళ్ల లోపు వారిని లెక్కలోకి తీసుకుంటుంది. యూరప్ నిబంధన 16 అంటూ, 13 దాకా తగ్గించుకునే స్వేచ్ఛ దేశాలకిచ్చింది. భారత్ 2023లో చేసిన డిజిటల్ డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది. డెన్మార్క్‌లో 2022 జులైలో హెల్సింగోర్ మునిసిపాలిటీ బడుల్లో గూగుల్ సేవలు, క్రోమ్‌బుక్‌ల వాడకాన్ని డేటా రక్షణ సంస్థ నిలిపివేయించింది. పిల్లల డేటా ఎక్కడికి వెళ్తుందో, ముప్పు ఎంతో మునిసిపాలిటీ సరిగా మదింపు చేయలేదన్నది కారణం. అంటే టూల్ ఎంత పెద్ద కంపెనీదైనా లెక్క చెప్పాల్సింది దాన్ని ఎంచుకున్న సంస్థే.

రోజువారీ వాడకంలో ఎక్కువ రక్షణ ఇచ్చేది చిన్న అలవాటు: లాగిన్ అడగని టూల్‌కు మొదటి అవకాశం ఇవ్వడం. ఫెట్, డెస్మోస్‌లకు పేరు చెప్పనక్కర్లేదు. కహూట్‌లో పిన్ కొట్టి మారుపేరుతో చేరొచ్చు, మారుపేర్ల జాబితా టీచరు నోట్సులో ఉంటే చాలు.

ఏఐ లెక్క వేరు

ఒక వీడియో పాఠాన్ని ఒకసారి తీస్తే, ఆ తర్వాత చూసే లక్షమందికి అయ్యే అదనపు ఖర్చు ఒక్కొక్కరికి చాలా తక్కువ. ఏఐ సహాయకుడు అలా కాదు. ప్రతి జవాబునూ అప్పటికప్పుడు తయారుచేయాలి, ప్రతిసారీ కంప్యూటర్ల ఖర్చు ఉంటుంది. లాభాపేక్ష లేని ఖాన్ అకాడమీ కూడా 2023లో తెచ్చిన ఖాన్‌మిగో అనే ఏఐ సహాయకుడిని మొదట డబ్బు తీసుకునే ఇచ్చింది. 2024లో మైక్రోసాఫ్ట్ తోడ్పాటుతో అమెరికాలో టీచర్లకు ఉచితం చేసింది. ఇక్కడా ఖర్చు మాయం కాలేదు, భరించేవారు మారారు.

చదువు వైపు నుంచి చూస్తే, టర్కీలోని ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యిమంది విద్యార్థులతో లెక్కల మీద జరిగిన ప్రయోగం కళ్లు తెరిపిస్తుంది. మామూలు చాట్‌బాట్ ఇచ్చిన పిల్లలు సాధన సమయంలో, అది లేనివారికంటే 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత దాన్ని తీసేసి పరీక్ష పెడితే, మొదటినుంచీ ఏఐ లేకుండా సాధన చేసిన వారికంటే 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. జవాబు చెప్పేయకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా తీర్చిన బాట్ వాడినవారు సాధనలో 127 శాతం మెరుగ్గా చేశారు, పరీక్షలో వారికి ఆ నష్టం దాదాపుగా లేదు, అలాగని లాభమూ కనిపించలేదు. 2006 నాటి ప్రయోగం చెప్పిన సంగతే ఇది. బుర్రలోంచి లాగే పని యంత్రం చేసేస్తే పిల్లవాడి బుర్రలో మిగిలేది తక్కువ. ఉచిత చాట్‌బాట్‌లలో ఎక్కువ భాగం అడగగానే జవాబు చెప్పేవే కాబట్టి, హోంవర్క్ మార్కులను చూసి పిల్లవాడికి పాఠం వచ్చిందనుకోవడం ఇకపై కుదరదు.

టీచరు పనికి మాత్రం ఇవి బాగానే ఉపయోగపడతాయి. ఒకే ప్రశ్నను ఐదు అంకెలతో మార్చి రాయించడం, పిల్లలు ఎక్కడ పొరబడతారో ఊహించి తప్పు జవాబులు తయారుచేయించడం వంటివి నిమిషాల్లో అవుతాయి. చివరగా ఒకసారి సరిచూసుకునే మనిషి ఉండాలి, తెలుగులోనైతే ఇంకాస్త జాగ్రత్తగా.

చేతిలో ఏం మిగులుతుంది

రాబోయే రోజుల్లో ఏఐ ఖర్చు మొదట కనిపించేది రెండో లెక్క మీద, అంటే కొంతమంది కట్టే డబ్బు మీద నడిచే కంపెనీల్లోనే. ప్రశ్నలు తయారుచేసిపెట్టడం, జవాబులు దిద్దడం వంటి సదుపాయాలు పెయిడ్ వైపు చేరతాయి, పాత ఉచిత భాగం మరింత సన్నబడుతుంది. చిన్న టూల్స్ పెద్దవాటిలో కలుస్తాయి. పేర్లూ మారతాయి, ఎంతోమంది టీచర్లకు తెలిసిన క్విజిజ్ 2025లో వేగ్రౌండ్ అయింది.

కాబట్టి టూల్‌ను ఎంచుకునేటప్పుడు అందులోకి ఎలా వెళ్లాలన్నది ఒక్కటే చూస్తే చాలదు, బయటికి ఎలా రావాలన్నదీ చూడాలి. పరీక్ష సులువే. ఒక చిన్న క్విజ్ తయారుచేసి, దాన్ని బయటికి తీయడానికి ప్రయత్నించాలి. స్ప్రెడ్‌షీట్‌గా వస్తే దాన్ని ఎక్కడైనా మళ్లీ వాడొచ్చు. ఏమీ రాకపోతే అక్కడ కట్టేది అద్దె స్థలంలో ఇల్లు. ప్రశ్నల బ్యాంకును ముందు స్ప్రెడ్‌షీట్‌లో రాసుకుని తర్వాత టూల్‌లోకి ఎక్కించే టీచర్లకు ఎడ్‌మోడో లాంటి మూతలు వారం పని, మిగతావారికి ఏళ్ల శ్రమ పోవడం.

జామ్‌బోర్డ్ ఆగిపోయే ముందు అందులోని బోర్డులను ఫిగ్‌జామ్, లూసిడ్‌స్పార్క్, మీరో అనే వేరే వైట్‌బోర్డులకు మార్చుకునే దారి గూగుల్ చూపించింది. లేదంటే పీడీఎఫ్‌గా దాచుకోవచ్చు. పీడీఎఫ్‌లో పిల్లలు అంటించిన రంగు చీటీలు కనిపిస్తాయి, కదలవు. ఫెట్ సిమ్యులేషన్‌ను దించుకుంటే కొన్ని ఎంబీల ఒకే ఒక్క ఫైలు వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఇంటర్నెట్ లేని కంప్యూటర్‌లో తెరిచినా స్విచ్ వేస్తే బల్బు వెలుగుతుంది, తీగ తీసేస్తే ఆరిపోతుంది.